హెరిఫర్డ్‌షైరులో ఒక గాలపు చెఱువు

ఇంగ్లండు దేశమునకు పడమట, వేల్సు సరిహద్దున, హెరిఫర్డ్‌షైర్ అను సీమ కలదు. అచ్చటి నేల మన చెలక భూములవలె ఎఱ్ఱనిది. ఎఱ్ఱరాతి గుట్టమీద రాస్ అను చిన్న పట్టణమున్నది. దాని పాదమున వై నది గుఱ్ఱపునాడా వలె వంపు తిరిగి పాఱుచున్నది. అంగళ్ల నడుమ పదునేడవ శతాబ్దినాటి సంతమంటపము, గుట్టపైని ప్రార్థనాలయపు శిఖరము, ఊరు దాటగనే ఆపిల్ తోటలు, తెల్లని మొగములు గల ఎఱ్ఱని పశువులు కనులపండువుగ నుండును. ఆ తోటల పండ్లలో పెక్కు తినుటకు గావు, సైడరు అను పానీయము తీయుటకు. మేమొకటి కొఱికి చూచి దవడలు పట్టుకొంటిమి.

2024 జూలైలో మేమిరువురమును బర్మింగ్‌హామునందున్న మా మేనల్లుని యింటికి పోయితిమి. అందఱివలె రాజభవనములు చూపుననుకొంటిమి గాని, అతడు మమ్ము ఈ సీమలో ఒక రైతుకుటుంబమువారి చెఱువుగట్టునకు కొనిపోయి మూడుదినములు గుడారములలో నుంచెను. చెఱువుగట్టున మూడుదినములు చూడదగిన దేమున్నదని సోదరీమణులు నవ్వవచ్చును. మొదటి దినమున మేమును నవ్వితిమి.

మన కృష్ణా, గోదావరి మండలములలోని చేపల చెఱువులలో బొచ్చె, శీలావతులతోపాటు బంగారుతీగ యను చేప కలదు గదా. ఇంగ్లండువారు కార్ప్ అని పిలుచునది అదియే. మన కది కూరచేప. వారి గాలపుగాండ్రు దానిని పట్టి, తూచి, ఛాయాచిత్రము తీసికొని, తిరిగి నీటిలో విడిచిపెట్టుదురు. దానిచేత ఒక్కొక్క చేప ఇరువది ముప్పదియేండ్లు బ్రతికి, పలుమాఱులు గాలమునకు చిక్కి, చిక్కినపుడెల్ల ఒక పాఠము నేర్చుకొనును. కొన్నిటికి పేర్లుకూడ కలవు. ఈ చేప జాగరూకత నేటిమాట గాదు; 1653లో ఐజాక్ వాల్టన్ అను రచయిత గాలపు విద్యను గూర్చి వ్రాసిన గ్రంథమున దీనికొక అధ్యాయమునే కేటాయించెను.

రాస్ పట్టణమునకు దాపుననే రెడ్‌మైర్ అను కొలను కలదు. మూడెకరముల పాటిది. సొంత ఆస్తి యగుటచే మేము దానిని చూడలేదు. 1934లో అందు ఏబది చిన్నచేపలను వదలిరి. 1952 సెప్టెంబరు 13వ తేదీని రిచర్డ్ వాకర్ అను నతడు రొట్టె ఎఱగా పెట్టి 44 పౌండ్ల చేపను పట్టెను. దానిని లండను జంతుప్రదర్శనశాలకు పంపగా, అచ్చట క్లారిస్సా యను పేర 1971 వఱకు జీవించెను. 1980 జూన్ 16వ తేదీని అదే కొలనులో క్రిస్ యేట్స్ యనునతడు 51½ పౌండ్ల చేపను పట్టి ఆ లెక్కను మించెను. మా మేనల్లుడు ఈ సంగతులను మన పెద్దలు తీర్థమాహాత్మ్యము చెప్పినట్లు చెప్పుచుండెను.

ప్రయాణమునకు ముందు రాత్రి మా కోడలు వంటయింట ఉండలు చుట్టుచుండగా, మేము ఉండ్రాళ్లనుకొని చేయి సాచితిమి. "అత్తయ్యా, అవి చేపలకు!" అని యామె నవ్వెను. బొంబాయిరవ్వ, సోయాపిండి, పాలపొడి, చేపపొడి కలిపి, కోడిగ్రుడ్ల సొనతో తడిపి, రేగిపండంత యుండలు చేసి, మరగు నీళ్లలో ఒకటి రెండు నిమిషములుంచి తీసి ఆఱబెట్టుదురు. పైపొర గట్టిపడుటచే చిన్నచేపలు కొఱుకజాలవు. పెద్దచేప వచ్చువఱకు ఎఱ నిలిచియుండును. వాసనమాట చెప్పక విడిచెదము.

ఇక గాలపు కట్టు. ఈ చేప దవడలలో పండ్లు లేవు. గొంతులోపల నమలుపండ్లు కలవు. నోటికిరువైపుల మీసములున్నవి. అది ఆహారమును కొఱుకదు; పీల్చి, నోట నానించి చూచి, అనుమానము కలిగిన తోడనే ఉమ్మివేయును. ముల్లును ఎఱలో గ్రుచ్చినచో, ఆ బరువును గుర్తించి క్షణములో విడిచిపెట్టును. కనుక లెన్నీ మిడిల్‌టన్, కెవిన్ మాడక్స్ అనువారు ఒక యుపాయము కనిపెట్టిరి. మాడక్స్ 1981లో ప్రకటించిన గ్రంథముతో అది లోకమునకు తెలిసెను. ఎఱను ముల్లునకు గ్రుచ్చరు. ముల్లు వంపునుండి వ్రేలాడు సన్నని పోగునకు గ్రుచ్చుదురు. తొలుత నిజముగనే తలవెంట్రుకను వాడిరని చెప్పుదురు. నేటికిని దాని పేరు వెంట్రుకకట్టే. పూసలు గ్రుచ్చునట్లే సూదితో ఉండలోనికి పోగును లాగి, జాఱకుండ చిన్న అడ్డుపుల్ల పెట్టుదురు. ఈ పని మా కోడలికి భర్తకంటె చక్కగ వచ్చును. ఎఱ తేలికగ కదలుటచే చేప నమ్మి పీల్చును. వెంబడి వట్టి ముల్లు పోవును. ఉమ్మివేయబోవునపుడు ముల్లు తిరిగి క్రింది పెదవిని పట్టును. బెదరి పరుగెత్తగానే మూడౌన్సుల సీసపు గుండు వెనుకకు లాగి ముల్లును దిగగొట్టును. మనుష్యుడు కఱ్ఱ యెత్తకమునుపే పని ముగియును.

అయినను అన్ని నీళ్లకును ఒక కట్టు చాలదు. మేనల్లుడు ముల్లు లేని గుండును విసరి మెల్లగా లాగి అడుగునేలను తెలిసికొనెను. గులకఱాళ్లయినచో చేతికి టకటక తగులును. బురదయైనచో వెన్నవలె జాఱును. నాచైనచో పట్టుకొని విడువదు. గట్టినేలపై మామూలు ఉండ చాలును. బురదలో పొడుగుపోగు కావలెను, లేకున్న గుండుతో ఎఱయు మునిగిపోవును. నాచుపైన బెండుపొడితో చేసిన తేలెడి ఉండను కట్టుదురు.

ఆ చెఱువునకు కావలిగా ఒక వృద్ధుడున్నాడు. మాటలు తక్కువ. దారములు నీటిలో దిగకమునుపే ప్రతి కట్టును పరీక్షించును. గుండును ఒక చిన్న పట్టిలో నిలిపి, రబ్బరు తొడుగు వేయుదురు. దారము నాచులో చిక్కి తెగినచో ఆ గుండు ఊడిపోవలెను. లేనిచో చేప గుండును ఈడ్చుకొని తిరిగి, తీగెలలో చిక్కి, కట్టుగొయ్యకు కట్టిన పశువువలె ఆకలితో చచ్చును. మా మేనల్లుడు గుండు పోకుండుటకును, ముల్లు గట్టిగ దిగుటకును ఆ తొడుగును బిగియగొట్టియుండెను. వృద్ధుడు బొటనవ్రేలితో లాగెను, ఊడలేదు. అతడు కోపపడలేదు. ముందటి వేసవిలో కలువతీగెలక్రింద తనకు దొరకిన ముప్పదియేండ్ల చేపను గూర్చి చెప్పెను. పెదవికి ముల్లు, దానికి జేనెడు దారము, దానికి గుండు. ఎత్తినపుడు తలయే బరువుగ నుండి దేహము చిక్కిపోయినదట. తాను యువకుడుగా నున్నపుడు ఆ చేపను చిన్నపిల్లగా వదలిన చేతులివే యని చేతులు చూపెను. మా కోడలు తల త్రిప్పుకొనెను. మేనల్లుడు తొడుగులన్నిటిని వదులుచేసెను.

రెండుదినములు ఈలయంత్రములు పలుకలేదు. చేపలు లేకపోలేదు. ఆల్డరు చెట్టుచాటునుండి చూడగా, ఎఱచెంతకు వచ్చి, ఆగి, బురద నొక్కసారి ఊది, బిగువుగ నున్న దారమునకు రెక్క తగిలినంతనే మేఘమువలె తొలగిపోవుచుండెను. మగవా రిరువురును పోగు పొడుగు తగ్గించుట, పెంచుట, ముల్లు మార్చుట యను చర్చలలో మునిగిరి. మా కోడలు మాత్రము గట్టువెంట ఊరక తిరిగివచ్చి, "మీరు నూఱుగజముల దూరము విసరుచున్నారు. అవి మధ్యాహ్నము కాగానే ఈ చెట్టునీడకే వచ్చుచున్నవి, మన కాళ్లక్రిందికే," అనెను. ఆ మాట నిజమే. మూడు చేపలు, అందొకదాని తోకమొదట రూపాయలవలె మూడు పెద్దపొలుసులు.

మూడవ సాయంకాలము అతడు గుండును, పోగును, ఉండలను విడిచి, వట్టి దారమునకు ముల్లు కట్టి, దానికి రొట్టెపెంకు గ్రుచ్చెను. ముందుగ ఒట్టి పెంకులనే నాలుగైదు వదలెను. చేపలు వానిని అంచులు రుచిచూచి, తోకలతో కొట్టి, మెల్లగ మ్రింగజొచ్చినవి. అప్పుడు వాని నడుమకు ముల్లుగల పెంకును జాఱవిడిచెను. మూడుపొలుసుల చేప దానిచుట్టు మూడుసారులు తిరిగెను. మేము ఊపిరి బిగబట్టితిమి. నాలుగవసారి నోరు తెఱచెను.

చెప్పవలసిన దంతయు ఒక నిమిషములో ముగిసెను. కఱ్ఱ విల్లువలె వంగెను, రీలు కీచుమనెను, చేప తిన్నగ కలువతీగెలలోనికి దూఱెను, దారము తెగెను. మేనల్లుడు ఒడ్డున కూర్చుండి మాటాడలేదు. కోడలు అతని చేతికి కాఫీ యిచ్చి ప్రక్కన కూర్చుండెను. వృద్ధుడు తెగిన దారపుకొనను చేతబట్టి చూచి, ముల్లుకు కొక్కెము లేదుగదా యని యడిగి, లేదని చెప్పగా, "అయినచో రెండుదినములలో రాలిపోవును," అని తన గుడిసెకు పోయెను.

మఱునాటి యుదయమున గుడారములు విప్పుచుండగా కోడలు చెట్టుచాటునుండి చేయి యూపెను. నీరు తేటగ నున్నది. ఆల్డరు వేళ్లకడ మూడు చేపలు బురద నూదుచు మేయుచున్నవి. ఒకదాని తోకమొదట మూడు పొలుసులున్నవి, వెంబడి ఈడ్చుకొనునది యేదియు లేదు. మేనల్లుడు చాలసేపు చూచెను. తరువాత సంచిలో మిగిలిన రొట్టెను చిన్నచిన్న తునుకలుగా చేసి, మా యందఱిచేతను తలకొన్ని నీటిలో వేయించెను.