చింతగింజల సేన... పెనుకొండ కోట!

యుద్ధభూమి నడిమధ్యలో ముసలి రాజు నిలబడి ఉన్నాడు. వయసు 81 ఏళ్లు. నాలుగు దిక్కులా శత్రువులు. ఈటెలు వచ్చి పడుతున్నాయి. సొంత సైనికులే కొందరు అటువైపు వెళ్లిపోయారు. అయినా ఆయన కదలడు. శత్రువుల గుర్రపు దండును తరుముకుంటూ వెళ్లిన కొడుకు తిరిగొస్తాడనీ తనను కాపాడతాడనీ నమ్మకం. కొడుకు రాలేదు... రాలేకపోయాడు. దారికి అడ్డంగా ఏనుగులు నిలబడ్డాయి.

అవి మన దేశం నుంచి వెళ్లిన ఏనుగులు!

క్రీ.పూ. 301లో, ఇప్పటి టర్కీలోని ఇప్సస్ దగ్గర జరిగిన యుద్ధమిది. అలెగ్జాండర్ చనిపోయాక ఆయన సేనానులు సామ్రాజ్యం కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఆ పోరులో పెద్ద మలుపు ఇప్సస్. ఆ ముసలి రాజు పేరు ఆంటిగోనస్, కొడుకు డెమెట్రియస్. ఎదుటి పక్షంలో ఉన్న సెల్యూకస్ అంతకు కొన్నేళ్ల ముందే మన చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకున్నాడు. సింధునది వైపు రాజ్యభాగాలు వదులుకుని 500 ఏనుగులు పుచ్చుకున్నాడు. ఆ బేరం ఎంత విలువైనదో ఇప్సస్‌లో తేలింది.

ఇలాంటి పాత యుద్ధాలను ఇప్పటికీ కొందరు మళ్లీ మళ్లీ చేస్తుంటారు. రక్తం చిందకుండా... బల్ల మీద! మరి ఆ ఆటకూ మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలకూ ఏమిటి సంబంధం? బెంగళూరు-గుంతకల్లు రైలు మార్గంలో వరసగా తగిలే ఈ మూడు ఊళ్లూ ఒక్కసారి దిగి చూస్తే తెలుస్తుంది.

బల్లంత రణరంగం

యుద్ధాన్ని ఆటగా మార్చడం మనకు కొత్తేమీ కాదు. రథ, గజ, తురగ, పదాతి దళాలనే పావులుగా చేసి చతురంగం ఆడింది ఈ దేశమే. పశ్చిమ దేశాల్లో మాత్రం 19వ శతాబ్దపు మొదట్లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు సైనికాధికారుల శిక్షణకోసం ఒక యుద్ధక్రీడ తయారుచేశారు. 1913లో ప్రముఖ రచయిత హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ పేరుతో బొమ్మ సైనికులతో ఆడే పద్ధతిని పుస్తకంగా రాశాడు. 1990లో వచ్చిన ‘డీబీఏ’ నియమాలతో ప్రాచీన యుద్ధాలు రెండడుగుల బల్ల మీదికి వచ్చేశాయి. ఒక్కో పక్షానికి 12 దళాలు. పాచికలో ఎన్ని చుక్కలు పడితే అన్ని కదలికలు. అంతే!

చదరంగానికీ దీనికీ తేడా ఒక్కటే. చదరంగంలో రెండు వైపులా బలం సమానం. ఇక్కడ అలా కాదు. చరిత్రలో ఎవరికి ఎంత సైన్యం ఉందో బల్ల మీదా అంతే. కొండ ఉన్నచోట కొండ, ఏరు ఉన్నచోట ఏరు. కాబట్టి ఆట వేయాలంటే ముందు చరిత్ర చదవాలి. లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు ఫిలిప్ సాబిన్ 2007లో ఒక పుస్తకమే రాశారు... ప్రాచీన యుద్ధాలు ఎలా జరిగి ఉంటాయో ఆట ద్వారా పరీక్షించవచ్చని.

హిందూపురంలో సైన్యం దొరుకుతుంది

సీసపు బొమ్మలు, రంగులు, గజాల కొద్దీ పచ్చబట్ట... ఇవన్నీ ఖరీదు వ్యవహారం. అక్కర్లేదు. హిందూపురంలో దిగితే చాలు. చింతపండుకూ బెల్లానికీ ఎండుమిర్చికీ పేరున్న మార్కెట్ ఇది. పండు ఇంటికెళితే గింజలు పిల్లలకే కదా! వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడిన ఇళ్లలో ఆ గింజలకు ఎప్పుడూ పని ఉండేది.

గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ ఇప్సస్ లెక్కలు రాసిపెట్టాడు. ఆంటిగోనస్‌కు 70 వేల కాల్బలం, 10 వేల గుర్రాలు, 75 ఏనుగులు. ఎదుటి కూటమికి 64 వేల కాల్బలం, 10,500 గుర్రాలు, 400 ఏనుగులు, 120 రథాలు. వెయ్యి మందికి ఒక చింతగింజ చొప్పున వేస్తే ఒకవైపు 70, మరోవైపు 64. వెయ్యి గుర్రాలకు ఒక గులకరాయి చొప్పున ఇద్దరికీ పదేసి. పాతిక ఏనుగులకు ఒక గాజుముక్క అనుకుంటే ఒకరికి 3, ఇంకొకరికి 16. రథాలను వదిలేయొచ్చు. నట్టింట్లో సుద్దముక్కతో గీత గీస్తే యుద్ధభూమి సిద్ధం.

నియమాలు రెండు పెట్టుకుంటే చాలు. ఒకటి... ఏనుగుకు జానెడు దూరంలోకి గుర్రం రాకూడదు. అలవాటు లేని గుర్రాలు ఏనుగుల వాసనకే బెదురుతాయి మరి! రెండు... గెలిచిన గుర్రపు దండు ఆగాలంటే నాలుగు గవ్వలు వేయాలి. రెండో అంతకంటే ఎక్కువో వెల్లకిలా పడితే ఆగుతుంది. లేదంటే పారిపోయేవాళ్ల వెంట ఇంకో జానెడు పోవాల్సిందే.

ఈ రెండో నియమంలోనే డెమెట్రియస్ కథంతా ఉంది. సెల్యూకస్ కొడుకు ఆంటియోకస్ గుర్రాలను అతను చెదరగొట్టాడు. గెలిచిన ఊపులో చాలా దూరం తరిమాడు. ఈలోగా 16 గాజుముక్కల్లో సగం అడ్డంగా జరిపితే ఏమవుతుందో ఆడేవాళ్లకు తెలిసిపోతుంది. గెలిచినవాడు ఎక్కడ ఆగాలన్నదే అసలు ప్రశ్న. కుర్రాళ్లకు చెబితే అర్థం కాని ఆ సంగతి గవ్వలు చెబుతాయి!

హిందూపురం దాకా వచ్చినవారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి చూడకుండా పోరు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం అది. ఏకశిలా నందిని చూశాక గుడిలో ఒకసారి తలెత్తి చూడాలి. కిరాతుడి వేషంలోని శివుడికీ అర్జునుడికీ జరిగిన పోరు కథ పైకప్పు మీద బొమ్మల్లో కనిపిస్తుంది. యుద్ధాన్ని కళ్లకు కట్టేలా చిన్న జాగాలో ఇమిడ్చే విద్య ఈ నేలకు అప్పటికే తెలుసన్నమాట.

పెనుకొండలో ఇంకో ముసలి రాజు

హిందూపురం నుంచి ఉత్తరంగా 40 కిలోమీటర్లకు అటూ ఇటూగా వెళితే పెనుకొండ. పేరుకు తగ్గట్టే పెద్ద కొండ. దాని ఒళ్లంతా కోటగోడలు, బురుజులు. కింద ఊళ్లో గగన్ మహల్, పక్కపక్కనే రాముడి గుడి, శివుడి గుడి, పాత మసీదు, జైన పార్శ్వనాథుడి ఆలయం, బాబయ్య దర్గా.

ఇప్సస్ కథ విన్నవారికి ఈ ఊరి కథ ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది. 1565 జనవరిలో రక్కసి-తంగడి యుద్ధం. విజయనగర సేనలను నడిపిన రామరాయలకు అప్పటికి ఎనభై ఏళ్లు ఉంటాయని చరిత్రకారుల అంచనా. ఆయన శత్రువుల చేతికి చిక్కాడు. తల తెగింది. ఆ సంగతి తెలియగానే సైన్యం చెల్లాచెదురైంది. తమ్ముడు తిరుమలరాయలు రాజధానికి పరుగెత్తి, పేరుకు రాజైన సదాశివరాయలనూ ఖజానానూ తీసుకుని దక్షిణానికి బయల్దేరాడు. 550 ఏనుగుల మీద బంగారం, వజ్రాలు తరలించారని రాబర్ట్ సూయల్ తన చరిత్ర గ్రంథంలో రాశారు. ఆ ఏనుగుల వరస నడిచింది ఈ పెనుకొండ వైపే!

సెల్యూకస్ రాజ్యభాగాలిచ్చి 500 ఏనుగులు సంపాదిస్తే, తిరుమలరాయలు రాజధానిని వదిలేసి 550 ఏనుగులతో బయటపడ్డాడు. ఆ తర్వాత అలెగ్జాండర్ సామ్రాజ్యంలాగే ఇక్కడా పంపకాలు. తిరుమలరాయల కొడుకుల్లో శ్రీరంగరాయలు పెనుకొండలో, రాముడు శ్రీరంగపట్నంలో, వేంకటపతి చంద్రగిరిలో ఉండి తలో సీమా చూసుకున్నారు.

మరి రక్కసి-తంగడిని చింతగింజలతో ఆడగలమా? కష్టమే. ఏ సైన్యంలో ఎందరున్నారన్న దగ్గర పాత రాతలకు పొంతన కుదరదు. కానీ పెనుకొండ ముట్టడిని మాత్రం ఆడొచ్చు. దానికి బల్ల కూడా మనింట్లోనే ఉంది... పులి-మేక!

మూడు పులులు, పదిహేను మేకలు

పులి-మేక పటాన్ని ఒకసారి గీసి చూడండి. పైన శిఖరం, అక్కణ్నుంచి కిందికి దిగే గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు. అచ్చం కొండే! 23 కూడళ్లు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దూకి తింటుంది. మేకలు పులిని చుట్టుముట్టి కదలకుండా కట్టేస్తాయి. బలాలు వేరు, గెలుపు అర్థం కూడా వేరు. పశ్చిమ దేశాల యుద్ధక్రీడాకారులు లెక్కలు కట్టి సాధించిన సూత్రం మన రచ్చబండ అరుగుల మీద గీసి ఉన్నదే. హంపి శిథిలాల్లో రాతి నేల మీద చెక్కిన ఆటపటాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా పెనుకొండను ముట్టడించాడు. కోటలో వేంకటపతిరాయలు. ఆయన సంధి మాటలు మొదలుపెట్టాడు. సుల్తాను పట్టు కాస్త సడలించాడు. ఆ వ్యవధిలోనే కోటలోకి తిండిగింజలు చేరిపోయాయి. జగదేవరాయలు సేనతో లోపలికి వచ్చేశాడు. మళ్లీ ముట్టడి మొదలైనా అప్పటికే వానాకాలం ముంచుకొస్తోంది. కృష్ణ పొంగితే వెనక్కి దారుండదు. సుల్తాను వెనుదిరిగాడు.

పులి-మేక ఆడినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చుట్టూ మేకలు మూసుకొస్తున్నప్పుడు పులికి కావాల్సింది ఒక్క ఖాళీ కూడలి. వేంకటపతి సంధి పేరుతో సంపాదించింది అదే. ఆ ఆటలో ఆయన శత్రువును చంపనక్కర్లేదు. వాన పడేదాకా నిలబడితే గెలిచినట్టే. వాన కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడటం ఈ సీమకు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా!

అయితే ఆ కోట ఇప్పుడు ఇంకో ముట్టడిలో ఉంది. గోడల సందుల్లో మొలిచిన చెట్లు రాళ్లను విడదీస్తున్నాయి. పక్కనే జాతీయ రహదారి మీద లారీల రొద. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఊరికి ఉపాధి రావడం మంచిదే. కానీ ఇప్సస్‌లో ఏ దళం ఎటు తిరిగిందో ఖండాంతరాల్లో పిల్లలు చెబుతుంటే, కొండ నీడలో పెరిగిన పిల్లలకు తమ కోట ఎలా నిలబడిందో తెలియకపోతే ఎలా?

ధర్మవరం దాపున తోలు సైన్యం

పెనుకొండ తర్వాత ధర్మవరం. పట్టుచీరల ఊరు. పెళ్లి బట్టలకని వచ్చినవారు అదే మండలంలోని నిమ్మలకుంట కూడా చూసి రావాలి. మేకతోలును పలచగా చేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది రాముణ్నీ రావణుణ్నీ నిలబెట్టే తోలుబొమ్మల కళాకారుల ఊరది. ఇక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. ఇంటిపేరు ‘దళవాయి’ అంటే సేనాని అనే అర్థం!

తెల్ల తెర, వెనక దీపం, నలుగురు మనుషులు. అంతలోనే లంకాయుద్ధమంతా నడిచిపోతుంది. గంభీరమైన పోరు మధ్యలో బంగారక్క, జుట్టు పోలిగాడు వచ్చి నవ్విస్తారు. రాత్రంతా ఆడే రోజులు తగ్గాక ఆ చేతులే ఇప్పుడు దీపాల గుడ్డలు, గోడబొమ్మలు చేస్తున్నాయి. విద్య బతికింది... వేషం మార్చుకుని.

చిన్న బొమ్మలతో పెద్ద యుద్ధాన్ని చూపడంలో ఒక మేలుంది. ఓడినవాడి పక్కన కూర్చుని చూడొచ్చు. తెర మీద రావణుడు పడిపోతుంటే బొమ్మను ఆడించేవాడే అతని గొంతుతో బాధపడతాడు. బల్ల మీద ఆంటిగోనస్ వైపు ఆడేవాడికి కొడుకు ఎందుకు రాలేదో తెలుస్తుంది. పులి వైపు కూర్చున్నవాడికి వేంకటపతి ఆ వానాకాలం కోసం ఎంతగా చూశాడో తెలుస్తుంది.

ఈ వేసవి సెలవుల్లో పిల్లలతో ఒకసారి పెనుకొండ ఎక్కండి. కొంగులో గుప్పెడు చింతగింజలు, జేబులో సుద్దముక్క ఉంటే చాలు. పాత రాళ్ల మీద గీతలు గీయకుండా, కొండ దిగాక ఏదైనా చెట్టునీడన మట్టిలో పటం గీసి ఆడండి. పులి ఎవరో, మేక ఎవరో పిల్లలే తేల్చుకుంటారు.

ఎలా వెళ్లాలి?

మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోనివే. 2022లో అనంతపురం జిల్లా నుంచి విడదీసి ఈ జిల్లాను ఏర్పాటుచేశారు. బెంగళూరు-గుంతకల్లు రైలు మార్గంలో మూడింటికీ స్టేషన్లున్నాయి. బెంగళూరు-హైదరాబాద్ జాతీయ రహదారి పెనుకొండ పక్కనుంచే పోతుంది. లేపాక్షికి హిందూపురం నుంచి బస్సులు దొరుకుతాయి. కొండ ఎక్కేవారు ఎండ ముదరకముందే బయల్దేరాలి. నీళ్లు వెంట ఉంచుకోవడం మరవొద్దు.