చల్లని పైకప్పు... ఎవరిస్తారు అప్పు?

ఎండాకాలం మధ్యాహ్నం పూట జనగామ చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి చూడండి. కొత్త స్లాబు ఇళ్ల తలుపులు దగ్గరగా వేసి ఉంటాయి. ఇంటిల్లిపాదీ వేపచెట్టు కిందో, పక్కింటి పెంకుటింటి అరుగు మీదో కనిపిస్తారు. లక్షలు పోసి కట్టుకున్న ఇల్లు మరి... పగలంతా తాగిన ఎండను రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది!

అలాగని పాత ఇల్లు మళ్లీ కావాలని ఎవరూ అనరు. మూరెడు మందం మట్టిగోడలు, బంగ్లా పెంకలు, టేకు దూలాలు... చల్లగా ఉండేమాట నిజమే. కానీ ఏటా వానలకు ముందు పెంకలు సర్దించాలి. ఆ పని తెలిసినవాళ్లు దొరకరు. దొరికి సర్దించుకున్నా కోతులమంద వచ్చిందంటే ఒక్కపూటలో అంతా చిందరవందర. కోతుల పుణ్యమా అని పెంకుల నుంచి రేకులకు, రేకుల నుంచి స్లాబుకు మారిన ఇళ్లు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... మూడూ 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలైన ఊళ్లు. అంతకుముందు మూడూ వరంగల్ జిల్లావే. ఎండ మూడింటికీ సమానమే. ఇంటికి డబ్బు పుట్టే దారి మాత్రం ఒక్కోచోట ఒక్కో తీరు.

నాలుగు విడతల ఇల్లు

సర్కారు ఇల్లంటే ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. 2015 నుంచి డబుల్ బెడ్రూం ఇళ్ల వంతు. 560 చదరపు అడుగులు, పల్లెలో ఒక్కో ఇంటికి 5.04 లక్షలు, అందుకు హడ్కో అప్పు. ఆ రేటుకు కట్టలేమని చాలాచోట్ల కాంట్రాక్టర్లు టెండర్ల వైపే చూడలేదు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అక్కడే చతికిలబడింది.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇంటివాళ్లే దగ్గరుండి కట్టించుకోవాలి. ప్రభుత్వం 5 లక్షలు ఇస్తుంది, నాలుగు విడతల్లో. కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, స్లాబు వేయాల్సిందే. పునాది అయ్యాక లక్ష, ఇల్లు పూర్తయ్యాక లక్ష. మిగతా మూడు లక్షలు గోడలకు, స్లాబుకు.

ఇక్కడే ఉంది చిక్కు. పని అయ్యాకే డబ్బు! మరి ముందు పెట్టేదెవరు? మహిళా సంఘం ద్వారా లక్ష దాకా అప్పు దొరికే వీలుంది. ఆ పైన సిమెంటు దుకాణంలో ఉద్దెర, ఇటుక బట్టీలో బాకీ, మేస్త్రీకి బతిమాలింపు. అదీ చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీ. కాగితాల మీద కనిపించని ప్రైవేటు భాగస్వాములు వీళ్లే. చేతిలో డబ్బు అయిపోయే వేళకు మిగిలేవేమిటి? కిటికీ పైన సజ్జ, గోడకు వెంటిలేటరు, స్లాబు పైన తెల్లపూత. ఎండను ఆపేవన్నీ చివర్లోనే వస్తాయి. కోత పడేదీ వాటికే.

మానుకోట మిర్చి, జీరో బిల్లు

తొర్రూరు మీదుగా మహబూబాబాద్ వెళ్దాం. పాతవాళ్లకు ఇది మానుకోటే. తండాల్లో రేకుల ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. మిర్చి రేటు బాగుంటే ఒక గది లేస్తుంది, పడిపోతే గోడలు మొండిగా నిలబడిపోతాయి. బ్యాంకు కన్నా మార్కెట్ యార్డే ఇక్కడ ఇంటిని కట్టేది. ఎందుకంటే ఇంటిస్థలాలు ఎక్కువగా గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటి నుంచి అక్కడే ఉంటున్నా, తనఖా పెట్టడానికి పనికొచ్చే రిజిస్టరు కాగితం ఉండదు.

పర్యావరణానికి మేలుచేసే ఇళ్ల పేరుతో అప్పులు లేకపోలేదు. ఫ్రాన్సు అభివృద్ధి సంస్థ ఏఎఫ్‌డీ 2017లో మన నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు 10 కోట్ల యూరోల రుణం ఇచ్చింది, సరిగ్గా ఈ పనికే. గృహరుణ సంస్థల ద్వారా, హరిత సర్టిఫికెట్ ఉన్న భవనాలకు అందే సొమ్మది. నగరంలో అపార్టుమెంటు కట్టే బిల్డరుకు సరిపోయే పద్ధతి. నాలుగు వందల అడుగుల ఇంటికి సర్టిఫికెట్ ఎవరు తెస్తారు చెప్పండి!

నిజానికి కావలసింది అంత పెద్ద మొత్తమూ కాదు. 2017లో హైదరాబాద్ బంజారాహిల్స్ పక్కనున్న దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్లపై ఒక ప్రయోగం చేశారు. జీహెచ్ఎంసీ, ట్రిపుల్ ఐటీ, ఆస్కీ, ఎన్ఆర్‌డీసీ కలిశాయి. డ్యూపాంట్ కంపెనీ తెల్లటి పొరను ఉచితంగా ఇచ్చింది. కప్పు మీద పరిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం అయిదేళ్లకు కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. అప్పట్లో చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. 400 అడుగుల ఇంటికి లెక్కేస్తే 11 వేల పైచిల్లర. అయిదు లక్షల్లో రెండు శాతం కాస్త పైన, అంతే! కానీ 600 గజాలు దాటిన స్థలాల్లోని ఇళ్లకే ఆ నిబంధన తప్పనిసరి. చిన్న ఇంటివాళ్లకు ఇష్టమైతేనే.

ఈ 11 వేలు ఎవరు పెట్టాలన్నది అసలు ప్రశ్న. ఆదా అయ్యే బిల్లులోంచే వాయిదాలు కట్టించుకోవడం ఒక పద్ధతి. ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్ఎల్ ఎల్ఈడీ బల్బులను అలాగే జనంలోకి తెచ్చింది. కంపెనీల దగ్గర గంపగుత్తగా కొనేసరికి 2014లో 310 రూపాయలున్న బల్బు రెండు మూడేళ్లలో 40 లోపుకు దిగింది. కానీ 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా పేద ఇంటికి జీరో బిల్లు. సున్నాలోంచి వాయిదా ఏం కడతారు?

ఆ కరెంటు ఉత్తినే రాదు కదా. ఇంటివాళ్ల బదులు బిల్లు కట్టేది ప్రభుత్వం, అందుకునేది హనుమకొండలోని ఎన్‌పీడీసీఎల్. స్లాబు చల్లబడి కూలరు రెండు గంటలు తక్కువ తిరిగితే మిగిలేది ఖజానాకే. అలాంటప్పుడు చివరి విడతతోపాటు తెల్లపూతకూ ప్రభుత్వమే డబ్బు ఇవ్వడం దానం కిందికి రాదు, లాభసాటి బేరం! ఇంటివాళ్లకూ లాభమే. మే నెలలో 200 దాటిందంటే ఆ నెల బిల్లు మొత్తం నెత్తిన పడుతుంది.

బొగ్గు ఊళ్లో బూడిద ఇటుక

నర్సంపేట మీదుగా భూపాలపల్లికి వెళ్తే కరెంటు పుట్టిల్లే కనిపిస్తుంది. సింగరేణి గనులు, పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం. 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు. బొగ్గు కాలితే మిగిలేది బూడిద. దాన్ని ఇటుకల్లో వాడాలని 1999లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2016 సవరణలో థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల దాకా ఆ పరిధిని పెంచింది. మానుకోట, జనగామ రెండూ అందులోకే వస్తాయి. ఈ ఇటుకతో గోడ ప్రత్యేకంగా చల్లబడుతుందని కాదు, దాన్ని బట్టీలో కాల్చనక్కర్లేదు. చెరువు మట్టీ, కట్టెలూ మిగులుతాయి.

ఇటుక మాటొచ్చింది కాబట్టి... ఇక్కడి గణపురం నుంచి కాస్త దూరం వెళ్తే రామప్ప గుడి. 1213 నాటిది. నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకలతో గోపురం కట్టారు. పైకప్పు బరువు గురించి అంత ఆలోచించిన నేల ఇది!

భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడికి జీతం చీటీ ఉంటుంది కాబట్టి బ్యాంకు పిలిచి అప్పిస్తుంది. 10 లక్షల దాకా గృహరుణంపై వడ్డీని కంపెనీ తిరిగి ఇచ్చే ఏర్పాటూ ఉంది. అదే వీధిలో కూలి మనిషికి ఆ చీటీ లేదు. చేతనైంది చేసుకుంటారు. సున్నం, కాస్త ఫెవికాల్ కలిపి స్లాబు మీద రెండు పూతలు కొడతారు. చల్లబడుతుంది కూడా. కాకపోతే రెండు వానాకాలాలు గడిచేసరికి వెలిసిపోతుంది. మళ్లీ మార్చిలో బకెట్టు, బ్రష్షు పట్టుకుని పైకెక్కాల్సిందే.