సీసా మీది పేరు

షాలిమార్ అనే ఫ్రెంచి సెంటు చుట్టూ ప్రచారంలో ఉన్న కథ మీలో కొందరైనా వినే ఉంటారు. షాజహాన్ ముంతాజ్‌ని ప్రేమించాడు. ఇద్దరూ షాలిమార్ తోటల్లో విహరించారు. ఆమె పోయాక అతను తాజ్‌మహల్ కట్టించాడు. ఆ ప్రేమనంతా సీసాలో పట్టి, 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శనలో లోకానికి చూపించింది గెర్లాన్ సంస్థ. ఫౌంటెన్ ఆకారంలో ఉండే ఆ సీసాని రేమండ్ గెర్లాన్, లోపలి పరిమళాన్ని జాక్ గెర్లాన్ తయారుచేశారు. ఇంతకాలమైనా ఆ సెంటు గిరాకీ తగ్గలేదు.

తేదీలు మాత్రం ఈ కథకి సహకరించవు. లాహోర్‌లో షాజహాన్ షాలిమార్ తోట పని మొదలైంది 1641లో. ముంతాజ్ 1631లోనే బుర్హాన్‌పూర్‌లో చనిపోయింది. శ్రీనగర్‌లో ఉన్న మరో షాలిమార్‌ని 1619లో వేయించింది జహంగీర్. ముంతాజ్ చనిపోయింది పద్నాలుగో కాన్పులో. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో పద్నాలుగు కాన్పులు, అదీ భర్త దండయాత్రల వెంట గుడారాల్లో తిరుగుతూ. ఆమెకి తోటలో షికార్లు చేసే తీరికెక్కడిది? చంపిన ప్రేమకి సమాధి కడితే అది ప్రపంచ వింత అవుతుంది, సీసా చేస్తే సెంటు అవుతుంది. ఈ రెండో పని చేసిన వాళ్లకి ఆ పద్నాలుగు అన్న అంకె తెలుసో లేదో.

పరిమళాలు నా పరిశోధనాంశం కాదు. రాజుల ఆత్మకథల్లో అంతఃపుర స్త్రీలు ఎక్కడ మాట్లాడతారు, ఎక్కడ మాయమవుతారు అని వెతుకుతూ జహంగీర్ స్వీయచరిత్ర ఇంగ్లీషు అనువాదం చదువుతున్నప్పుడు, గులాబీ అత్తరు గురించిన పేరా ఒకటి కనిపించింది. నూర్జహాన్ తల్లి పన్నీరు తీయిస్తుంటే, వేడి పన్నీరు పోసిన పళ్లేల మీద నూనెలాంటి తెట్టు తేలింది. ఇంకొకరైతే పారబోసేవారు. ఆమె దాన్ని కొద్దికొద్దిగా తీసి దాచింది. ఒక్క చుక్క అరచేతికి రాసుకుంటే సభంతా గుబాళించిందట. జహంగీర్ మురిసిపోయి ఆమెకి ముత్యాల హారం ఇచ్చాడు. పక్కనే ఉన్న సలీమా సుల్తాన్ బేగం, అక్బర్ భార్య, స్వయంగా కవయిత్రి, ఆ అత్తరుకి పేరు పెట్టింది. ఇత్రె జహంగీరీ.

ఈ పేరా దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కనిపెట్టింది స్త్రీ, నామకరణం చేసింది స్త్రీ, పేరు మాత్రం చక్రవర్తిది. పైగా ఎవరూ లాక్కోలేదు, ఒక స్త్రీయే దోసిలిపట్టి ఇచ్చింది. కనిపెట్టిన మనిషికి అస్మత్ బేగం అని ఒక పేరుంది. అది ఈ పేరాలో లేదు. ‘నూర్జహాన్ తల్లి’ అంతే. తర్వాత వచ్చిన కథలు ఆ తల్లిని కూడా పక్కకు నెట్టి, అత్తరు కనిపెట్టింది నూర్జహానే అన్నాయి.

పరిశోధన చేసే రోజుల్లో నాతోపాటు మరో ముగ్గురు అమ్మాయిలం కలిసి ఒక సంకలనానికి రెండేళ్లు పనిచేశాం. పాత పత్రికలు వెతికి, చేత్తో రాసుకుని, ప్రూఫులు దిద్దాం. అట్ట మీద పెద్దాయన పేరు. లోపల కృతజ్ఞతల్లో ‘మా విద్యార్థినులు’ అని రెండు మాటలు. ముత్యాల హారం సంగతి దేవుడెరుగు, ఆవిష్కరణ సభలో తలా ఒక పెన్ను ఇచ్చారు. ఆ పెన్ను తీసుకున్నప్పుడు నవ్వుతూ నమస్కారం పెట్టాను కూడా. సలీమా బేగం నాకు బాగా అర్థమవుతుంది.

గెర్లాన్ కథ దీనికి తిరగేసిన అచ్చు. 1828లో పియర్ ఫ్రాన్స్వా పాస్కల్ గెర్లాన్ పారిస్‌లో దుకాణం తెరిచాడు. 1853లో యూజెనీ మహారాణి కోసం కొలోన్ తయారుచేసి రాచకొలువు సంపాదించాడు. ఆయన తర్వాత ఎమే, ఆ తర్వాత జాక్, ఆ తర్వాత జాన్ పాల్. 2002 వరకూ ఆ ఇంటి పరిమళకర్తలుగా చరిత్ర చెప్పుకునేది ఈ నలుగురినే. నలుగురూ మగవాళ్లే. మరి సీసాల మీద? 1919లో మిత్సుకో, ఫ్రెంచి నవలలోని జపాన్ స్త్రీ. 1929లో లియు, పుచ్చినీ సంగీత రూపకంలో ప్రభువు కోసం ప్రాణాలిచ్చే బానిస పిల్ల. 1979లో నహేమా. పేరుకి తూర్పు దేశపు ఆడవాళ్లు కావాలి, తయారీకి ఆడది పనికిరాదు!

అదే వంశంలో పుట్టిన పాట్రీషియా ద నికొలాయి సంగతి చూడండి. పరిమళాల తయారీ నేర్పే పాఠశాలని 1970లో స్థాపించింది గెర్లాన్ కుటుంబీకుడే. ఆమె అక్కడే చదివింది. 1988లో ఫ్రెంచి పరిమళకర్తల సంఘం యువ ప్రతిభకిచ్చే బహుమతి అందుకున్న తొలి మహిళ అయింది. అయినా పుట్టింటి ప్రయోగశాల ఆమెది కాలేదు. 1989లో భర్తతో కలిసి సొంత సంస్థ పెట్టుకుంది. పాత పరిమళాలని భద్రపరిచే వెర్సాయ్ సంస్థకి 2008లో అధ్యక్షురాలైంది. గెర్లాన్ మాత్రం 1994లోనే ఎల్‌వీఎంహెచ్ అనే బహుళజాతి సంస్థ చేతిలోకి వెళ్లిపోయింది. బయటివాళ్ల చేతికి పోయాకే దెల్ఫీన్ జెల్క్ అనే స్త్రీకి ఆ సంస్థ పరిమళకర్తల్లో చోటు దొరికింది.

అయితే ఈ లెక్కని ఆడ, మగ అన్న రెండు గళ్లలోనే వేస్తే తప్పిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. షాలిమార్‌లో గుప్పున తగిలేది వెనిల్లా. మెక్సికో బయట ఆ తీగ పూసేది కానీ సరిగ్గా కాసేది కాదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు, చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వుకి పరాగం అంటించే పద్ధతి కనిపెట్టాడు. తోటల యజమానులు కోటీశ్వరులయ్యారు. అతను 1880లో పేదవాడిగానే పోయాడు. 2010లో జాన్ పాల్ గెర్లాన్, 1989 నాటి తన ‘సంసార’ సెంటు కోసం ఎంత కష్టపడ్డాడో ఫ్రెంచి టీవీలో చెబుతూ, నల్లజాతి వాళ్లని కించపరిచే మాట వాడి, అసలు వాళ్లెప్పుడైనా అంత కష్టపడ్డారా అని వెటకారం కూడా చేశాడు. దుకాణం ముందు నిరసనలు జరిగాయి. 2012లో కోర్టు 6 వేల యూరోల జరిమానా వేసింది. ఎడ్మండ్ పుల్ల పట్టుకుని తోటంతా తిరగకపోతే ఆ ఇంటి సీసాల్లో ఏం పోసేవారో కోర్టు అడగలేదు.

ఇంత రాశాక చెప్పకూడదేమో గానీ, షాలిమార్ నాకు ఇష్టం. నా స్నేహితురాలు విదేశం నుంచి వస్తూ చిన్న సీసా తెచ్చింది. రాసుకోగానే నిమ్మజాతి కాయ తొక్క గిల్లినట్టు చురుగ్గా ఉంటుంది. గంట గడిచాక మెత్తబడుతుంది. ఎప్పటికో తోలు వాసన, పొగ వాసన, వాటి వెనక తియ్యదనం. మర్నాటికి చీర కుచ్చెళ్లలో ఆ తియ్యదనం ఒక్కటే మిగులుతుంది. బీరువాలో చీర మడతపెడుతూ అమ్మ రెండుసార్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

“దీనిమీద పాయసం ఒలకబోసుకున్నావుటే?” అంది.