బేతాళుడి షరతు, పదిహేనేళ్ల పాఠకురాలు

హత్య అనే మాట పిల్లల పుస్తకం అట్టమీద కనబడితే పెద్దలు ఉలిక్కిపడతారు. ఆ ఉలికిపాటుకు మన సంప్రదాయంలో పెద్దగా ఆధారం లేదు. భారతం నిండా హత్యలే. 1947లో మొదలై దశాబ్దాల తరబడి పిల్లల చేతుల్లో నలిగిన చందమామలో బేతాళ కథలు చెప్పేవాడు శవంలో నివాసమున్నవాడు. శ్మశానాన్ని, చెట్టుకు వేలాడే శవాన్ని చూచి జడిసి చదువు మానుకున్న పిల్లవాడు ఎక్కడైనా ఉన్నాడని నేను వినలేదు. ఆ కథల్లో నన్ను చిన్ననాటి నుండి పట్టి ఉంచినది శవం కాదు, బేతాళుడి షరతు. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. దోషం ఎవరిదో తేల్చవలసిన బాధ్యత కథ విన్నవాడి మీదనే పడుతుంది.

మా మనుమరాలు చదివి పక్కన పెట్టిన ఒక ఇంగ్లీషు నవలను చేతికి తీసుకున్నప్పుడు ఈ షరతు మళ్లీ గుర్తుకు వచ్చింది. హోలీ జాక్సన్ రచించిన 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్' 2019లో వెలువడింది. 2024లో బీబీసీ దానిని ధారావాహికగా కూడా తీసింది. ఇంగ్లాండులోని ఒక కల్పిత పట్టణంలో ఐదేళ్ల క్రితం ఆండీ బెల్ అనే విద్యార్థిని మాయమైంది. ఆమె స్నేహితుడు సాల్ సింగ్ అడవిలో శవమై దొరికాడు. చంపినవాడు అతడేనని, ఆపై తన ప్రాణం తానే తీసుకున్నాడని పోలీసులూ ఊరూ ఒక్కమాటగా తేల్చుకున్నారు. పిప్ అనే పదిహేడేళ్ల బడిపిల్ల ఆ కేసును తన చదువులో భాగమైన ప్రాజెక్టుగా ఎత్తుకుంటుంది. హంతకుడెవరో నేను చెప్పను. అపరాధ పరిశోధక నవలను పరిచయం చేసేవాడు పాటించవలసిన మర్యాద అది.

నవలలో గణనీయమైన భాగం కథనం కాదు. సంభాషణల నకళ్లు, ఆ పిల్ల రాసుకున్న నోట్సు, అనుమానితుల జాబితా, పటాలు. ఇన్‌స్పెక్టరు దస్త్రం పాఠకుడి ఒళ్లోకి వచ్చి పడినట్టుంటుంది. ఎవరు ఏమన్నారు, ఆ సంగతి వారికెలా తెలిసింది, స్వయంగా చూశారా, విన్నారా అని ఆ పిల్ల ప్రతి మాటనూ రెండోసారి తూచి చూస్తుంది. శైలి విషయంలో రచయిత్రికి గొప్ప మార్కులు వేయలేను. వాక్యం వాక్యంగా నిలిచి చదివించే పుస్తకం కాదిది. కానీ ఒక పట్టణం తన తీర్పును ఎంత సులువుగా నమ్మగలదో చూపించడంలో ఆమె చెయ్యి గట్టిది. తెలిసినది తెలిసినట్టు చెప్పక దాచుకున్నవారు అందులో ఒకరిద్దరు కాదు. బేతాళుడు ఆ ఊరికి వెళితే పగిలే తలలు చాలానే ఉంటాయి.

నన్ను కదిలించినది సింగ్ కుటుంబం. భారతీయ మూలాలున్న ఆ ఇంటివారు కొడుకును పోగొట్టుకోవడంతో కష్టం తీరిపోలేదు, హంతకుడి ఇల్లు అనే పేరుతో అదే ఊళ్లో బతకవలసి వచ్చింది. సాల్ తమ్ముడు రవి దుకాణంలోకి అడుగుపెట్టినా చూపులు తప్పవు. మా మనుమరాలు ఆ భాగం చదివి నన్ను అడిగింది: "వాళ్ల ఇంటోళ్లు ఏం చేసిండ్రు తాతా?"

సూరత్‌లో ఉన్న తెలుగువాడికి ఈ ప్రశ్న కొత్తది కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి పద్మశాలీలు తరాలుగా ఇక్కడి సాంచాల మీద పని వెతుక్కుంటూ వచ్చి లింబాయత్, ఉధ్నా వంటి చోట్ల స్థిరపడ్డారు. 1994 సెప్టెంబరులో ఈ నగరంలో ప్లేగు వార్త పొక్కినప్పుడు కొద్ది రోజుల్లోనే లక్షలాది జనం ఊరు విడిచారు. దేశమంతటా కలిపి నమోదైన మరణాలు వందకు చేరలేదు గాని, సూరత్ నుండి వచ్చాడంటే చాలు, మనిషి మీద అనుమానం పడింది. సొంత ఊరు చేరుకున్న మా కుటుంబాన్ని కొన్నాళ్లు బావి దగ్గరకు రానివ్వలేదు. ఒంట్లో జ్వరం ఉందా అని అడిగినవారు లేరు. వచ్చిన చోటే సాక్ష్యం అయింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా మనుమరాలు పుస్తకం మూసి, ఎవరు రానివ్వలేదు, వాళ్లకు ఎవరు చెప్పారు, మీరేమన్నారు అని వరుసగా ప్రశ్నలు వేసింది. ముప్పై ఏళ్లలో మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నలవి.

ఆమె ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతోంది కనుక ఆ నవల ఆమెకు అందింది. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇంత దూరాన తెలుగు అక్షరం దిద్దించడం చిన్న సంగతి కాదు. అయితే ఆ అక్షరం నేర్చిన పిల్లవాడికి పద్నాలుగో ఏట ఏమి చదవమని ఇస్తాము? నీతి కథలు అతడికి చిన్నవైపోయాయి. అపరాధ పరిశోధన మనకు తెలియనిది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఒక తరానికి ఇంటి మనుషులు. ఆరుద్ర అంతటివారు కూడా ఈ కోవ నవలలు రాశారు. అద్దె పుస్తకాల దుకాణాలు వీటితోనే నడిచాయి. అవి పెద్దల కోసం రాసినవి, పిల్లలు దిండు కింద దాచుకుని చదివినవి. బెంగాలీలో సత్యజిత్ రాయ్ 1965లో 'సందేశ్' పత్రికలో ఫెలూదాను ప్రవేశపెట్టినప్పుడు కథ చెప్పే పని తోప్షే అనే కుర్రవాడికి అప్పగించాడు. ఏ వయసు పాఠకుడి కోసం రాస్తున్నాడో ఎరిగి రాశాడు. తెలుగులో ఆ వయసు వారి చోటు చాలావరకు ఖాళీగానే మిగిలిపోయింది.

అందుకని ఈ వేసవి సాయంత్రాలు మా వరండాలో చేరే ఏడెనిమిది తరగతుల తెలుగు మాధ్యమం పిల్లలకు ఆ నవలను నోటితో చెబుతున్నాను. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఇబ్బంది హత్యతో కాదు, మాటలతో. అనుమానితుడు, సాక్షి, వాంగ్మూలం దొరికాయి. 'ఎలిబీ' దగ్గర ఆగిపోయాను. నేరం జరిగిన వేళకు తాను మరో చోట ఉన్నాననే రుజువు అని చెప్పవలసి వచ్చింది. ఆ పొడుగు మాటను పిల్లలు రెండు రోజులు మోసి, తరువాత "ఆడ లేననే మాట" అని కుదించుకున్నారు. నిఘంటువుల వారు ఆలోచించవచ్చు.

ఇప్పటికి మూడో సంభాషణ వరకు వచ్చాము. నోటుబుక్కు వెనుక పేజీలో వాళ్లు అనుమానితుల జాబితా తెలుగులో రాసుకున్నారు. సాల్ సింగ్ పేరు మొదటి రోజు పైన ఉండేది. నిన్న ఎవరో దాన్ని కొట్టేసి, పక్కన "చూసినోళ్లు ఎవరు?" అని రాశారు. ఆ రాత ఎవరిదో నేను అడగలేదు.