వెనకవైపు గాలి

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేస్తుందని మనలో చాలామంది నమ్మకం. మర పిండి ఆడినట్టు, అది చలిని ఆడి లోపల నింపుతుందనుకుంటాం. నిజానికి అది అంత ఘనకార్యమేమీ చెయ్యదు. పాలలో, కూరల్లో, నీళ్ళసీసాల్లో ఉన్న వేడిని మోసుకెళ్ళి వెనకవైపు పారబోస్తుంది, అంతే. ఇల్లు ఊడవడం లాంటిదే అనుకోండి. ఊడ్చిన చెత్త గడప దాటకుండా గుమ్మంలోనే పోగుపడితే, ఎంతసేపు ఊడ్చినా ఇల్లు శుభ్రపడదు. ఫ్రిజ్ సంగతీ అంతే. దాని వీపుకి గాలి ఆడకపోతే ముందు తలుపు ఎంత మెరిసినా లాభం లేదు.

ఈ సంగతి నాకు తేటతెల్లమైంది అమెరికాలో, మా అమ్మాయివాళ్ళ బండిలోని బుల్లి ఫ్రిజ్ దగ్గర.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్‌లో. ఎడారి ఊరు. జూన్‌లో 43 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. మన రెంటచింతలవాళ్ళయితే నవ్వి ఊరుకుంటారు గానీ, మిగతావాళ్ళకి గుండె గుభేలుమంటుంది. వాళ్ళు ఒక పాత క్యాంపర్ వ్యాన్ కొన్నారు. అంటే చక్రాలమీద ఇల్లన్నమాట. పడకా, పొయ్యీ, సింకూ, నడుమెత్తు ఫ్రిజ్జూ అన్నీ అందులోనే. మే నెలాఖరున అందరం కలిసి అయిదు రోజులు గ్రాండ్ కాన్యన్ చూసి రావాలని ఏర్పాటు.

ప్రయాణానికి మూడు రోజుల ముందే ఫ్రిజ్ వేసి, లోపల థర్మామీటర్ పెట్టారు. మర్నాడు బయట 38 డిగ్రీల ఎండ. మధ్యాహ్నం చూస్తే ఫ్రిజ్‌లో 14! పాలు విరిగితే టీ మానేస్తాం, పెరుగు పులిస్తే మజ్జిగపులుసు పెట్టుకుంటాం. కానీ మావారి ఇన్సులిన్ మాటేమిటి? ఇంకా వాడకం మొదలుపెట్టని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పోనీ ఐసుపెట్టెలో పడేద్దామంటే, ఐసు తగిలి గడ్డకట్టిందంటే ఆ మందు ఇక పనికిరాదు.

మావారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నేనింట్లో ఉంటాలే, మీరు వెళ్ళిరండి" అన్నారు. స్కూల్లో జాగ్రఫీ పాఠం విన్ననాటినుంచీ ఆ లోయ చూడాలని ఉందని, పెళ్ళయిన కొత్తలోనే నాతో చెప్పిన మనిషి! అమ్మాయి ఏమీ మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అల్లుడు మాత్రం టార్చిలైటు పట్టుకుని వ్యాన్ దగ్గరికి నడిచాడు.

ఆ ఫ్రిజ్ మన ఇళ్ళల్లోవాటిలాంటిది కాదు. మోటారు లేదు, చప్పుడు లేదు. గ్యాసు మంటతో చల్లబడుతుంది. నిప్పుతో చల్లదనమేమిటని నేనూ బుగ్గలు నొక్కుకున్నాను. 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళు చదువుకునే రోజుల్లో కనిపెట్టిన పద్ధతిట. గొట్టాల్లో నీళ్ళూ, అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. మంట తగిలితే అమ్మోనియా నీళ్ళలోంచి ఆవిరై పైకి లేస్తుంది. పైన రేకుల దగ్గర తన వేడిని గాలికిచ్చి ద్రవమవుతుంది. అది హైడ్రోజన్ మధ్య మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు ఫ్రిజ్ లోపలి వేడిని లాక్కుంటుంది. ఆఖరికి నీళ్ళలో కలిసి మళ్ళీ మంట దగ్గరికే చేరుతుంది. అంతా పల్లానికి జారే వ్యవహారం గనక, బండి ఒరిగి నిలబడితే కూడా అలుగుతుంది.

అల్లుడు చూపించాడు. వ్యాన్ పక్కగోడకి కింద ఒక జాలీ, పైన ఒక జాలీ. కిందనుంచి వచ్చిన గాలి రేకుల వేడి పుచ్చుకుని, తేలికై, పైనుంచి పోవాలి. మా అమ్మమ్మగారి వంటింట్లో పొగగూడు చేసే పని ఇదే. తీరా విప్పి చూస్తే కింది జాలీనిండా దుమ్ము, పైగా ఒక కందిరీగల గూడు! ఫ్రిజ్ వీపుకీ గోడకీ మధ్య జానెడు ఖాళీ.

"ఇంత చోటుందిగా, గాలికేం లోటు?" అన్నాను.

"చోటెక్కువై వచ్చిన చిక్కే అత్తయ్యగారూ! గాలి రేకుల్ని తాకకుండా గోడవారనే తప్పించుకు పోతోంది" అన్నాడు.

పైగా ఫ్రిజ్ నెత్తిమీద ఖాళీలో వేడిగాలి చేరి, పిలవని చుట్టంలా కదలకుండా కూర్చుంది.

గ్యాసు కట్టేసి, ఎండ తగ్గాక పని మొదలుపెట్టారు. గోడవైపు అల్యూమినియం రేకు నిలువుగా బిగించి, ఖాళీని అంగుళం లోపుకి తెచ్చారు. పైన ఇంకో రేకు ఇంటి చూరులా వాలుగా పెట్టి, వేడిగాలికి జాలీవైపు దారి చూపించారు. ఫ్రిజ్ పక్క సందులన్నీ మూసేశారు. వేడికోసమే కాదు, ఆ మంటలోంచి వచ్చే వాయువులు మనుషులుండే వైపు రాకూడదు. కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. దానికోసం పెట్టిన అలారం మోగుతోందో లేదో కూడా చూశారు. పై జాలీ దగ్గర, కంప్యూటర్లలో ఉంటాయే, అలాంటి బుల్లి ఫ్యాన్లు రెండు, 12 వోల్టులవి, వేడెక్కితేనే తిరిగేలా అమర్చారు. మంట జోలికీ, గొట్టాల జోలికీ మాత్రం పోలేదు. అది పని తెలిసిన మెకానిక్కు చెయ్యవలసిందే.

నేను లోపల సర్దాను. గిన్నెలు కుక్కకుండా, మధ్యలో గాలి తిరిగేలా. వ్యాన్‌ని జాలీలవైపు నీడపడేలా తిప్పి నిలబెట్టారు.

మర్నాడూ అదే ఎండ. మధ్యాహ్నానికి 6 డిగ్రీలు, చీకటి పడేసరికి 4! మావారు మాటిమాటికీ తలుపు తీసి చూస్తుంటే, "నాన్నా, మీరిలా తీస్తుంటే మళ్ళీ పధ్నాలుగే!" అని అమ్మాయి కసిరింది. ఆయన నవ్వేసి, ఇన్సులిన్ డబ్బా తెచ్చి మధ్య అరలో తన చేత్తోనే పెట్టుకున్నారు. ఆ తరవాత లోయ అంచున చాలాసేపు మాటాపలుకూ లేకుండా నిలబడిపోయారు. నేనూ పలకరించలేదు.

మనందరికీ వ్యాన్లు లేకపోవచ్చు, ఫ్రిజ్‌లున్నాయిగా. దాన్ని గోడకి ఆనించేసి, పక్కన బియ్యం డబ్బా ఇరికించి, నెత్తిన గుడ్డా, గుడ్డమీద పూలకుండీ పెడతాం. చాలా కొత్త ఫ్రిజ్‌లకి వేడి పారబోసే గొట్టాలు పక్కగోడల్లోనే దాగుంటాయి. పక్కలు వెచ్చగా తగిలేది అందుకే. చుట్టూ నాలుగువేళ్ళ చోటు వదలండి, వెనక దుమ్ము దులపండి. కరెంటు బిల్లు కూడా కాస్త కలిసొస్తుంది.

అన్నట్టు, ఇంటిల్లిపాది వేడినీ తను పుచ్చుకుని అందరినీ చల్లగా ఉంచేది వంటింట్లో ఫ్రిజ్ ఒక్కటే కాదు. ఆ రెండో ప్రాణికి కూడా కాస్త గాలి ఆడే చోటు వదలమని మగమహారాజులకి నా విన్నపం.