పాటకును యజమాని గలడు

పొరుగింటి నగ నడిగి తెచ్చి ధరించినను మరల నప్పగించుట మన యిండ్ల మర్యాద. కంటికి గనబడని పాట విషయమున మాత్ర మీ మర్యాద మనకు దోచుట లేదు. నేడు ప్రతి యింటను ఫోనుతో వీడియో తీసి, దానికొక సినిమాపాట నతికి, లోకమునకు బంపుచున్నారు. అందలి చిక్కులు సోదరీమణులు తెలిసికొనుట మంచిది.

ఎమ్మిగనూరులో మా బంధువుల యింట పెండ్లి జరిగెను. ముసలి మేనత్తగారు తలుపుదగ్గర పాట పాడుచుండగా నొక పిల్ల వీడియో తీసి, పైన సినిమాపాట జేర్చి నెట్టున నుంచెను. హక్కుదారు లభ్యంతరము దెలుపగా ధ్వనియంతయు దీసివేయబడెను. సినిమాపాటతోబాటు మేనత్తగారి గొంతుకయు బోయెను. ఫోనులో మూలప్రతి మిగులలేదు. ఆమెయు నిపుడు లేరు.

“పెండ్లిపందిట నందరును సినిమాపాటలు వేయుదురు గదా!” యని యా పిల్ల యేడ్చినది. నిజమే. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము పెండ్లి వేడుకలకును ఊరేగింపునకును మినహాయింపు నొసగినది. అది పందిటివరకే; నెట్టున లోకమునకెల్ల వినిపించుట వేరు. పది సెకండ్లయిన దోషము లేదను మాటకు చట్టమున నాధారము లేదు. సాహిత్య మొకరిది, స్వరకల్పన యొకరిది, రికార్డు వేరొకరిది కావచ్చును. 2017లో ఇళయరాజాగారు తమ యనుమతి లేక తమ పాటలు వేదికలపై పాడరాదని ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారికే నోటీసు పంపించిరి. పాడి పేరు దెచ్చినవారికే యట్లయిన, మనమెంత?

కవికిని స్వరకర్తకును గల హక్కు వారి మరణానంతరము 60 ఏండ్లును, రికార్డు హక్కు అది వెలువడిన పిమ్మట 60 ఏండ్లును నిలుచును. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి గనుక వారి కృతిని మనము నిశ్చింతగా బాడుకొనవచ్చును. నేటి గాయని పాడిన రికార్డును మాత్ర మతికింపరాదు.

వ్యాపారుల ధ్వనుల సంగతి వేరు. 2008లో యాహూవారి కూత మన దేశమున ట్రేడుమార్కుగా నమోదయ్యెను. అట్టి ధ్వని యింటి వీడియోలో వినబడినంతమాత్రమున నీ చట్టము క్రింద దోషము గాదు. దానితో దన సరుకును వారి సరుకని భ్రమింపజేయుట దోషము. ఆదోనిలో ఇంటనుండి చీరల నమ్ముకొను సోదరీమణు లిది గమనింతురుగాక.

మగ్గపు చప్పుడునకు, తిరుగలి మ్రోతకు, అవ్వల నోట తరతరములుగా వచ్చిన పాటలకు నెవరి యనుమతియు నక్కరలేదు. పెద్దలు పాడునపుడు పైన నేమియు జేర్పక, వారి గొంతుకనే యుంచి, రెండు ప్రతులు వేర్వేరు చోట్ల దాచుడు. సినిమాపాట ఎప్పుడైనను దొరకును.