ఆయన వంతు, నా వంతు

పెండ్లయిన కొత్తలో నాకొక బాధ ఉండేది. మా ఆయన మాటల మనిషి కారు. పక్కింటి దంపతులు కబుర్లు చెప్పుకుంటుంటే విని, ఈయనకు నా మీద ప్రేమ లేదేమోనని లోలోపల కుమిలిపోయేదాన్ని.

1993 ఆగస్టులో కర్నూలులో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, ఆయన నన్ను నందికొట్కూరు వైపున్న రోళ్లపాడుకు తీసుకెళ్లారు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డి నేల అది. చలిదేశాల పక్షులు వసంతంలో జతకడతాయి. మన మెట్టలో బట్టమేకకు వానలే వసంతం. తెల్లవారుజామున దూరంగా ఒక మగపక్షి కనబడింది. మీటరు ఎత్తుంటుంది. గొంతు కింద సంచిని గాలితో ఉబ్బించి కాళ్ల దాకా వేలాడేసి, తోకను వీపు మీదికి ఎత్తి, బరువైన గొంతుతో పిలుస్తోంది.

"చూడండి, ఎంత ఘనంగా పిలుస్తోందో!" అన్నాను.

నా ఎత్తిపొడుపు ఆయనకు అర్థమైంది. "పిలుపుతోనే దాని పని సరి. ఆడది నేల మీద ఒక్క గుడ్డు పెట్టి, నెల రోజుల పాటు ఒంటరిగా పొదుగుతుంది. పిల్లనూ అదే సాకుతుంది" అన్నారు.

మరుసటి ఏడు మార్చిలో కదిరి దగ్గర మా వేరుశనగ చేని పక్క బీడులో ఇంకో పక్షిని చూపించారు. పిచ్చుకంతే ఉంటుంది, నెత్తి బూడిద రంగు, పొట్ట నలుపు. మేము నేలపిచ్చుక అంటాం. మగది పైకెగిరి, రెక్కలు ముడిచి సన్నని ఈలతో రాయిలా కిందికి పడి, నేల తాకబోతూ మళ్లీ పైకి లేస్తుంది. ఆ విన్యాసం అయ్యాక అది వెళ్లిపోదు. చిన్న గుంటలో పెట్టిన గుడ్లను ఆడ, మగ రెండూ వంతులేసుకొని పొదుగుతాయి.

1997లో నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు లేవలేదు. ఆయన చంటిబిడ్డను చంకనేసుకొని సంకటి కెలికారు, గుడ్డలు ఉతికారు, రాత్రుళ్లు నా నుదుటి మీద తడిగుడ్డ మార్చారు. ఒక్క తీపి మాట చెప్పలేదు. ఆ పడక మీదే నాకు నేలపిచ్చుక గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ నేను ఎదురుచూసింది బట్టమేక పిలుపు కోసమని తెలిసి సిగ్గుపడ్డాను.

ప్రియ సహోదరీ, మీ ఇంటాయన కూడా మాట్లాడని మనిషైతే, ఆయన చేతులను ఒకసారి గమనించండి.

దేశంలో ఇప్పుడు బట్టమేకలు 150 దాకా ఉంటే ఎక్కువ. వాటిలో చాలావరకు రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో అవి కనబడటమే గగనమైంది. గడ్డి నేలలు దున్నబడ్డాయి, కరెంటు తీగలు వచ్చాయి.

రెండేళ్ల కిందట మా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఉన్న కాస్త మాటా తడబడుతోంది. ఇప్పుడు వంతు నాది.

మొన్న మా అబ్బాయి బీడు దున్నిస్తానని ట్రాక్టరు మాట్లాడాడు. మంచం మీదున్న ఆయన బాగున్న చేతిని మెల్లగా పైకెత్తి, కిందికి దించి, మళ్లీ ఎత్తారు. అబ్బాయికి తెలియలేదు. నాకు తెలిసింది.

"పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగు నాయనా" అన్నాను.